కన్‌ఫైన్డ్ కాంక్రీట్‌కు ఏ మోడల్‌ను ఎంచుకోవాలి: సమీకరణం, మెటీరియల్ కమాండ్, ఎలిమెంట్ మూడింటినీ కలిపి చూసే పోలిక

కాలమ్‌లో రింగులు దగ్గర దగ్గరగా కట్టినప్పుడు వాటి లోపల బిగిసి ఉండే కోర్ కాంక్రీట్ (కన్‌ఫైన్డ్ కాంక్రీట్) బయటి కవర్ కంటే ఎక్కువ ప్రతిబలాన్ని తట్టుకుంటుందన్నది, అంతకంటే ముఖ్యంగా గరిష్ఠ బలం దాటిన తర్వాత కూడా ఒక్కసారిగా పొడైపోకుండా చాలా దూరం నిలబడుతుందన్నది, 1920ల చివర్లో రిచర్ట్ బృందం చేసిన ప్రయోగాల నాటి నుంచి తెలిసిన సంగతే. పక్కల నుంచి పడే ఒక్కొక్క మెగాపాస్కల్ పీడనానికి నిలువు బలం సుమారు 4.1 మెగాపాస్కల్ పెరుగుతుందని వారు తేల్చారు. చిక్కంతా ఈ ప్రవర్తనను విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌కు ఎలా చెప్పాలన్న దగ్గరే వస్తుంది. ఎందుకంటే పాఠ్యపుస్తకాల్లో సమీకరణాలు డజన్ల కొద్దీ ఉన్నాయి, సాఫ్ట్‌వేర్‌లలో వాటి పేర్లతోనో వేరే పేర్లతోనో మెటీరియల్ కమాండ్‌లు (పదార్థ ప్రవర్తనను నిర్వచించే ఆదేశాలు) ఉన్నాయి, ఈ రెండింటి మధ్య సంబంధం అన్నిసార్లూ సూటిగా ఉండదు.

వీటిలో ఏది ఎక్కువ కచ్చితమైనది అన్న ప్రశ్నతో మొదలుపెడితే ఉపయోగపడే జవాబు దొరకదు. విశ్లేషణ చివర ఏ సంఖ్యను చదవబోతున్నామో ముందు తేల్చుకోవాలి. అది సెక్షన్ మొమెంట్ సామర్థ్యమా (కాలమ్ అడ్డుకోత ఎంత వంపు బలాన్ని తట్టుకుంటుందన్నదా), కాలమ్ పైభాగం ఎంత జరిగితే బలం పడిపోతుందన్నదా, లేక భూకంప కదలికలో భవనం కూలే స్థాయా అన్నది స్పష్టమైన తర్వాతే సమీకరణాన్ని, దాన్ని మోసే మెటీరియల్ కమాండ్‌ను, ఆ మెటీరియల్ కూర్చునే ఎలిమెంట్‌ను (మోడల్‌లో కాలమ్‌ను సూచించే ముక్కను) ఒక జట్టుగా ఎంచుకోవాలి. ఈ మూడింటిలో ఒకదాన్ని శ్రద్ధగా ఎంచుకుని మిగతా రెండింటిని సాఫ్ట్‌వేర్ డిఫాల్ట్‌కు వదిలేయడమే ఎక్కువ తప్పులకు మూలం.

ఒకే కాలమ్, మూడు సమీకరణాలు

పోలిక గాలిలో ఉండకుండా ఒక కాలమ్‌ను తీసుకుందాం. 500 మి.మీ. చదరపు కాలమ్, 40 మి.మీ. క్లియర్ కవర్, 30 మెగాపాస్కల్ సిలిండర్ బలం, 20 మి.మీ. కడ్డీలు పన్నెండు, అంటే ఒక్కో ముఖాన నాలుగు. 10 మి.మీ. రింగులు 100 మి.మీ. దూరంలో, లోపలి క్రాస్ టైలతో కలిపి రెండు దిశల్లోనూ నాలుగేసి కాళ్లు, ఈల్డ్ బలం (స్టీలు శాశ్వతంగా సాగడం మొదలయ్యే ప్రతిబలం) 500 మెగాపాస్కల్. చక్కగా డిటెయిలింగ్ చేసిన కాలమ్ అనవచ్చు.

మాండర్, ప్రీస్ట్లీ, పార్క్ 1988లో ఇచ్చిన పద్ధతిలో ముందుగా కన్‌ఫైన్‌మెంట్ ప్రభావ గుణకం కట్టాలి. రింగులు పూర్తి కోర్‌ను సమానంగా నొక్కవు. కట్టిన కడ్డీకీ కడ్డీకీ మధ్య, రింగుకూ రింగుకూ మధ్య కాంక్రీట్ లోపలికి వంపు తిరిగినట్టుగా ఒత్తిడి లేకుండా మిగిలిపోతుంది. ఈ నష్టాన్ని లెక్కలోకి తెచ్చేదే ఆ గుణకం. మన కాలమ్‌కు అది సుమారు 0.70 వస్తుంది. రింగులు ఈల్డ్ అయినప్పటి పార్శ్వ పీడనం 3.83 మెగాపాస్కల్ కాబట్టి నికరంగా పనిచేసేది దాదాపు 2.7 మెగాపాస్కల్. దాన్ని సమీకరణంలో పెడితే కోర్ గరిష్ఠ బలం 45 మెగాపాస్కల్ దాటుతుంది, అంటే ఒకటిన్నర రెట్లు. గరిష్ఠ బలం వద్ద వికృతి (అసలు పొడవుతో పోల్చిన కుదింపు) 0.002 నుంచి 0.0072 దగ్గరికి జరుగుతుంది.

అదే కాలమ్‌కు 1982లో స్కాట్, పార్క్, ప్రీస్ట్లీ సవరించిన కెంట్–పార్క్ సమీకరణాన్ని వాడితే బలం పెంపు గుణకం 1.24 మాత్రమే. గరిష్ఠ బలం 37 మెగాపాస్కల్, వికృతి 0.0025. సాట్సియోగ్లు, రజ్వీ 1992లో ఇచ్చిన పద్ధతి ఈ రెండింటి నడుమ, 41 మెగాపాస్కల్, 0.0057 దగ్గర నిలుస్తుంది.

ఈ మూడు సంఖ్యలను చూసి గరిష్ఠ బలంలోని తేడా గురించే చర్చ పెట్టుకోవడం మామూలే. అయితే అసలు దూరం అక్కడ లేదు. వికృతి 0.02 వద్ద మూడు వక్రాలనూ చదివితే మాండర్ వక్రం ఇంకా 40 మెగాపాస్కల్ దగ్గరే ఉంటుంది, సాట్సియోగ్లు–రజ్వీ 32కు దిగుతుంది, కెంట్–పార్క్ 23కు పడిపోతుంది. మొదట ఇరవై శాతం చుట్టూ ఉన్న తేడా ఇక్కడ డెబ్భై శాతానికి చేరింది. కారణం వక్రాల ఆకారంలోనే ఉంది. మాండర్ వాడింది 1973 నాటి పోపోవిక్స్ వక్రం. కన్‌ఫైన్‌మెంట్ బాగున్నప్పుడు అది గరిష్ఠం తర్వాత దాదాపు బల్లపరుపుగా సాగి, రింగు తెగే వికృతి వద్ద మాత్రమే ముగుస్తుంది. కెంట్–పార్క్ పారాబోలాగా ఎక్కి, సరళరేఖగా దిగి, గరిష్ఠంలో ఇరవై శాతం దగ్గర ఆగుతుంది.

అందువల్ల సెక్షన్ మొమెంట్ సామర్థ్యం ఒక్కటే కావాలంటే, అందులోనూ కాలమ్ మీద అక్షీయ భారం తక్కువగా ఉంటే, ఈ మూడింటిలో ఏది వాడినా జవాబు పెద్దగా మారదు; అక్కడ మొమెంట్‌ను నిర్ణయించేది లాగబడే వైపు స్టీలు. అక్షీయ భారం పెరిగి కోర్ కాంక్రీటే సామర్థ్యాన్ని నిర్ణయించే కాలమ్‌లలో, లేదా డక్టిలిటీని (బలం కోల్పోకుండా వంగే గుణాన్ని) కొలిచే విశ్లేషణల్లో, గరిష్ఠం తర్వాత వక్రం దిగే వాలు ఎంపిక ఫలితాన్ని మార్చేస్తుంది. నా ఉద్దేశంలో పోలిక పట్టికల్లో గరిష్ఠ బలానికి ఇచ్చే చోటులో సగమైనా ఈ వాలుకు ఇవ్వాలి.

రింగులు పలచబడితే

ఇప్పుడు అదే కాలమ్‌లో క్రాస్ టైలు తీసేసి, ఒక్క చుట్టు రింగును 200 మి.మీ. దూరంలో ఉంచుదాం. పాత కట్టడాలను పరిశీలించేవారికి ఇలాంటి కాలమ్‌లే ఎక్కువగా ఎదురవుతాయి. మాండర్ గుణకం 0.29కి పడిపోతుంది, ఎందుకంటే నాలుగు మూలల కడ్డీలకు తప్ప మధ్య కడ్డీలకు ఆధారం లేదు. గరిష్ఠ బలం దాదాపు 32 మెగాపాస్కల్, అంటే ఆరు శాతం లాభం. కెంట్–పార్క్ కూడా ఇక్కడ దాదాపు అదే బలాన్ని ఇస్తుంది, కాకపోతే వికృతి 0.011 దగ్గరికి వచ్చేసరికే బలం ఇరవై శాతానికి దిగిపోతుందని చెబుతుంది.

ఇలాంటి కాలమ్‌కు గుణకాన్ని మరచి, రింగుల పీడనాన్ని నేరుగా సమీకరణంలో పెడితే బలం ఇరవై శాతం పెరిగినట్టు వస్తుంది. కన్‌ఫైన్‌మెంట్ ఉన్నట్టు కాగితం మీద కనిపిస్తుంది గానీ కాలమ్‌లో ఉండదు. గణన పత్రాన్ని సమీక్షించేటప్పుడు నేను మొదట వెతికేది ఈ గుణకమే. అది ఒకటికి దగ్గరగా ఉందంటే గుండ్రటి స్పైరల్ కాలమ్ అయినా అయి ఉండాలి, లేదా ఎవరో దాన్ని వదిలేసైనా ఉండాలి. కడ్డీ అమరికను వివరంగా పట్టించుకునే మాండర్, సాట్సియోగ్లు–రజ్వీ పద్ధతుల అసలు విలువ దిట్టమైన కాలమ్‌లలో కంటే ఇలాంటి బలహీనమైన కాలమ్‌లలోనే తెలుస్తుంది.

రింగుల చివరలు 135 డిగ్రీలు వంచి కోర్‌లోకి దిగనప్పుడు, 90 డిగ్రీల వంపుతో కవర్‌లోనే ఆగినప్పుడు, పైన చెప్పిన ఏ సమీకరణమూ వర్తించదు. కవర్ ఊడగానే రింగు తెరుచుకుంటుంది. అలాంటి కాలమ్‌కు కోర్‌ను కూడా అన్‌కన్‌ఫైన్డ్‌గానే చూపడం మంచిది.

సమీకరణం ఒకటి, మెటీరియల్ కమాండ్ మరొకటి

ఓపెన్‌సీస్ (భూకంప విశ్లేషణ సాఫ్ట్‌వేర్) వాడేవారికి ఈ భాగం ముఖ్యం. అందులో ఎక్కువమంది ఎత్తుకునేవి కాంక్రీట్01, కాంక్రీట్02, కాంక్రీట్04. మొదటి రెండూ కెంట్–స్కాట్–పార్క్ (పైన చెప్పిన సవరించిన కెంట్–పార్క్) ఆకారానివి. రెండోదానికి అదనంగా తన్యబలం, అది క్రమంగా తగ్గే వాలు ఉంటాయి. మూడోది పోపోవిక్స్ వక్రం. మాండర్ సమీకరణంతో గరిష్ఠ బలాన్నీ వికృతినీ లెక్కకట్టి, ఆ రెండు సంఖ్యలను కాంక్రీట్01కు ఇవ్వడం చాలా ప్రాజెక్టుల్లో కనిపిస్తుంది. చూడటానికి తప్పేమీ లేదనిపిస్తుంది గానీ, ఈ కమాండ్‌లో ప్రారంభ స్టిఫ్‌నెస్‌ను (వక్రం మొదటి వాలును) మనం ఇవ్వం. గరిష్ఠ బలాన్ని రెండుతో గుణించి దాని వికృతితో భాగించి అదే కట్టుకుంటుంది. మన కాలమ్ విషయంలో 45.4ను రెండింతలు చేసి 0.00715తో భాగిస్తే వచ్చేది సుమారు 12,700 మెగాపాస్కల్. అసలు కాంక్రీట్ స్థితిస్థాపక గుణకం 27,400 దగ్గర ఉంటుంది. కవర్‌కు మాత్రం అదే సూత్రం 30,000 ఇస్తుంది. అంటే మోడల్‌లో బిగించిన కోర్, ఊడిపోయే కవర్ కంటే సగానికి పైగా మెత్తగా మొదలవుతుంది. ఫలితంగా కాలమ్ తొలి స్టిఫ్‌నెస్ తగ్గుతుంది, ఆవర్తన కాలం పెరుగుతుంది, భారం కోర్ నుంచి కవర్‌కు మళ్లుతుంది.

కెంట్–పార్క్ సంఖ్యలు ఇస్తే ఈ ఇబ్బంది రాదు. అందులో బలం, వికృతి రెండూ ఒకే గుణకంతో పెరుగుతాయి కాబట్టి నిష్పత్తి మారదు. కోర్, కవర్ రెండూ ఒకే వాలుతో బయలుదేరతాయి. ఆ సమీకరణం ఆ పారాబోలా కోసమే పుట్టింది. మాండర్ వక్రమే కావాలంటే కాంక్రీట్04కు వెళ్లాలి; అందులో స్థితిస్థాపక గుణకాన్ని విడిగా ఇవ్వవచ్చు. అయితే దానికీ ఒక షరతు ఉంది: మనం ఇచ్చిన చివరి వికృతి దాటగానే ప్రతిబలం సున్నా అవుతుంది. రింగు తెగడాన్ని అలా చూపడం భౌతికంగా సబబే అయినా, ఒకేసారి చాలా ఫైబర్‌లు (సెక్షన్‌ను విడగొట్టిన చిన్న ముక్కలు) సున్నాకు దూకితే గణన కన్వర్జ్ కాక, అంటే జవాబుకు చేరక, ఆగిపోవచ్చు. కాంక్రీట్01లో మిగిలే అవశేష బలం ఈ విషయంలో ఎంతో ఓర్పు చూపుతుంది. పెద్ద భవనాన్ని డజన్ల కొద్దీ భూకంప రికార్డులతో నడపాల్సినప్పుడు ఈ సౌలభ్యాన్ని చిన్నచూపు చూడలేం.

ఆ చివరి వికృతిని ఎలా లెక్కకట్టాలన్నది మరో చిన్న ప్రశ్న. విస్తృతంగా వాడే సూత్రంలో 0.004కు, రింగుల ఘన నిష్పత్తి, ఈల్డ్ బలం, రింగు స్టీలు తెగే ముందు సాగే వికృతి మూడింటి లబ్ధాన్ని 1.4తో గుణించి, కోర్ గరిష్ఠ బలంతో భాగించి కలుపుతారు. మన కాలమ్‌లో రింగు స్టీలు 0.09 వరకు సాగేదైతే జవాబు 0.025, 0.05కే తెగేదైతే 0.016. రింగుల స్టీలు రకాన్ని గమనించకుండా నమూనా ఫైలులోని సంఖ్యను అలాగే ఉంచేస్తే డక్టిలిటీ అంచనా మూడో వంతుకు పైగా తప్పుతుంది.

చక్రీయ భారం విషయంలో తేడాలు ఉన్నా, కన్‌ఫైన్డ్ కోర్ ఎంపికను అవి అరుదుగా నిర్ణయిస్తాయి. పగుళ్లు మూసుకునే తీరు ముఖ్యమైన సన్నటి వాల్స్‌లో చాంగ్–మాండర్ 1994 నియమాల మీద కట్టిన మెటీరియల్‌లు బాగుంటాయి. మామూలు కాలమ్‌లకు కాంక్రీట్02 చాలు.

దిగే వాలు, ఎలిమెంట్ పొడవు

ఇక్కడ కాస్త నిదానించాలి. పైన మూడు సమీకరణాల మధ్య చూసిన తేడాల కంటే పెద్ద తేడాను ఒక్క ఇంటిగ్రేషన్ పాయింట్ల (ఎలిమెంట్ పొడవున సెక్షన్‌ను లెక్కకట్టే చోట్ల) సంఖ్య తెచ్చిపెట్టగలదు.

ఫోర్స్-బేస్డ్ ఎలిమెంట్‌లో (పొడవున బలాల పంపిణీని ముందే అనుకునేది) సెక్షన్ బలం తగ్గడం మొదలవగానే వికృతి అంతా చివరి ఇంటిగ్రేషన్ పాయింట్‌లోకి చేరుతుంది. ఆ పాయింట్‌కు కేటాయించిన పొడవే అప్పటి నుంచి ప్లాస్టిక్ హింజ్ (శాశ్వత వంపు కేంద్రీకృతమయ్యే భాగం) పొడవు. 3 మీటర్ల కాలమ్‌కు గాస్–లొబాటో పద్ధతిలో మూడు పాయింట్లు పెడితే ఆ పొడవు 500 మి.మీ., ఐదు పెడితే 150 మి.మీ., ఏడు పెడితే 71 మి.మీ. మోడల్‌ను మెరుగుపరుద్దామని పాయింట్లు పెంచే కొద్దీ హింజ్ కుంచించుకుపోయి, కాలమ్ పెళుసుగా కనిపిస్తుంది. మెష్ సన్నబడితే జవాబు స్థిరపడుతుందన్న మన అలవాటు ఇక్కడ పనిచేయదు. డిస్‌ప్లేస్‌మెంట్-బేస్డ్ ఎలిమెంట్‌లలో (వంగే ఆకారాన్ని ముందే అనుకునేవి) ఇదే సమస్య ఎలిమెంట్ పొడవు రూపంలో వస్తుంది.

దీనికి 2001లో కోల్‌మన్, స్పాకోన్ సూచించిన మందు సరళమైనది. కాంక్రీట్ నలిగేటప్పుడు ఖర్చయ్యే శక్తిని స్థిరంగా ఉంచి, ఇంటిగ్రేషన్ పొడవును బట్టి దిగే వాలును సరిచేయాలి. అన్‌కన్‌ఫైన్డ్ కాంక్రీట్‌కు ఈ శక్తిని న్యూటన్లు/మి.మీ.లలో సిలిండర్ బలానికి రెండింతలుగా, కన్‌ఫైన్డ్ కోర్‌కు దానికి 1.7 రెట్లుగా తీసుకోవాలన్న సూచన వాల్ ప్రయోగాల నుంచి వచ్చింది. దాన్ని మన కాలమ్‌కు, కెంట్–పార్క్ గరిష్ఠంతో వర్తింపజేస్తే, బలం ఇరవై శాతానికి దిగే వికృతి ఐదు పాయింట్ల ఎలిమెంట్‌లో సుమారు 0.032గా, మూడు పాయింట్ల ఎలిమెంట్‌లో 0.0105గా రావాలి. ఒకే కాలమ్, ఒకే కాంక్రీట్, మూడు రెట్ల తేడా. సాఫ్ట్‌వేర్ దీన్ని మనకోసం సరిచేయదు. మెటీరియల్‌కు ఇచ్చే సంఖ్యను మనమే మార్చాలి.

రెండో దారి హింజ్ పొడవునే మనం నిర్ణయించడం. ఓపెన్‌సీస్‌లో స్కాట్, ఫెన్వెస్ 2006లో ఇచ్చిన హింజ్ ఇంటిగ్రేషన్ పద్ధతిలో ప్లాస్టిక్ హింజ్ పొడవును నేరుగా ఇస్తాం. కాంటిలీవర్ పొడవులో 0.08 వంతుకు, కడ్డీ వ్యాసాన్ని దాని ఈల్డ్ బలంతోనూ 0.022తోనూ గుణించి కలిపే ప్రసిద్ధ సూత్రం ప్రకారం, 3 మీటర్ల కాంటిలీవర్‌గా చూసిన మన కాలమ్‌కు 460 మి.మీ. వస్తుంది. ఇలా చేస్తే మాండర్ వక్రాన్ని మార్చకుండానే వాడుకోవచ్చు. ఒక్కో కాలమ్‌కు వాలును విడివిడిగా సరిచేయడం కంటే ఇది పని తగ్గిస్తుంది, తర్వాత ఫైలు తెరిచేవారికి అర్థమూ అవుతుంది. అందుకే ఫ్రేమ్‌లకు నేను మొగ్గు చూపేది దీనికే. వాల్స్‌లో వికృతి విస్తరించే తీరు వేరు కాబట్టి వాటికి శక్తిని సరిచేసే పద్ధతే నయం.

అక్షీయ భారం తక్కువగా ఉండి, కడ్డీల స్టీలు హార్డెనింగ్ (ఈల్డ్ తర్వాత కూడా బలం పెరగడం) వల్ల సెక్షన్ మొమెంట్ పెరుగుతూనే ఉంటే ఈ సమస్య తలెత్తదు. కాబట్టి ముందు సెక్షన్ మొమెంట్–వంపు వక్రాన్ని గీసి, మనం చేరబోయే వంపు వరకు అది దిగుతుందో లేదో చూస్తే, ఈ శ్రమంతా పడాలో వద్దో అప్పుడే తెలుస్తుంది.

సిద్ధంగా లెక్కకట్టే సాఫ్ట్‌వేర్‌లు

ఈట్యాబ్స్, ఎస్‌ఏపీ2000లలో మాండర్ వక్రం సిద్ధంగా ఉంది. మెటీరియల్ నిర్వచనం తెరలో కనిపించే గీత అన్‌కన్‌ఫైన్డ్ వక్రం మాత్రమేనని గుర్తుంచుకోవాలి. కన్‌ఫైన్డ్ వక్రం రింగుల వ్యాసం, దూరం, కాళ్ల సంఖ్య మీద ఆధారపడుతుంది కాబట్టి ఆ వివరాలు సెక్షన్‌లో నింపిన తర్వాతే పుడుతుంది. సెక్షన్ డిజైనర్‌లో ఆ వక్రాన్ని ఒకసారి తెరిచి, చేత్తో కట్టిన గరిష్ఠ బలంతో పోల్చడానికి పది నిమిషాలు చాలు. కాళ్ల సంఖ్యను తప్పుగా నింపారా అన్నది అక్కడే బయటపడుతుంది.

ఈ సాఫ్ట్‌వేర్‌లలో ఫైబర్ హింజ్‌లు వాడకుండా ఏఎస్‌సీఈ 41 (ఇప్పటికే ఉన్న భవనాల మదింపుకు అమెరికన్ ప్రమాణం) పట్టికల హింజ్‌లను వాడితే కన్‌ఫైన్డ్ కాంక్రీట్ వక్రం ప్రశ్నే దాదాపు పక్కకు పోతుంది. ఆ పట్టికల్లోని భ్రమణ పరిమితులు రింగుల నిష్పత్తిని, అక్షీయ భారాన్ని, ప్రయోగాల్లో కనిపించిన కడ్డీల బక్లింగ్‌ను (నొక్కుడుకు పక్కకు వంగిపోవడాన్ని) సైతం తమలో కలుపుకున్నాయి. మదింపు ఉద్దేశం మాత్రమే ఉంటే, డజన్ల కొద్దీ కాలమ్‌లకు ఫైబర్ సెక్షన్‌లు కట్టడం కంటే ఇదే వివేకమైన ఎంపిక. ఆ భ్రమణ పరిమితులకు పైన కన్‌ఫైన్‌మెంట్ లాభాన్ని మళ్లీ కలపకూడదు.

సీస్మోస్ట్రక్ట్‌లో మాండర్ మెటీరియల్ ఒకే కన్‌ఫైన్‌మెంట్ గుణకాన్ని తీసుకుంటుంది. సెక్షన్‌లో రింగుల వివరాలు ఇస్తే దాన్ని తానే లెక్కకడుతుంది. అక్కడ వక్రం తనంతట తాను తెగిపోదు. కోర్ నలిగిన క్షణాన్ని విడిగా పెర్ఫార్మెన్స్ క్రైటీరియాలో వికృతి పరిమితిగా నమోదు చేయాలి. ఆ పరిమితి పెట్టకపోతే కాలమ్ ఎంత దూరం జరిగినా కోర్ చెదరకుండా ఉన్నట్టే పుషోవర్ (భవనాన్ని క్రమంగా పక్కకు నెట్టి చూసే విశ్లేషణ) వక్రం సాగుతుంది. పెర్ఫార్మ్-3డి పూర్తిగా ఇంకో కొస: సమీకరణమేదీ ఉండదు, ముక్కలు ముక్కలుగా సరళరేఖల వక్రాన్ని మనమే ఇవ్వాలి. సాట్సియోగ్లు–రజ్వీ లాంటి, మెనూల్లో అరుదుగా దొరికే వక్రాన్ని వాడాలనుకునేవారికి ఆ స్వేచ్ఛ వరమే.

ఈ సమీకరణాలు సరిపోని చోట్లు

మాండర్ పద్ధతి రింగులు ఈల్డ్ అవుతాయని ముందే అనుకుంటుంది. మామూలు కాంక్రీట్‌లో ఆ ఊహ చెల్లుతుంది. అధిక బలం గల కాంక్రీట్ పక్కలకు తక్కువగా ఉబ్బుతుంది కాబట్టి, గరిష్ఠ బలం చేరేనాటికి రింగులు ఈల్డ్‌కు చేరకపోవచ్చు. రింగుల స్టీలే అధిక బలానిదైతే మరీను. అక్కడ రింగులో నిజంగా ఎంత ప్రతిబలం పుడుతుందో లెక్కకట్టే లెజెరాన్–పోల్ట్రె 2003 పద్ధతి మేలు.

ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్లతో బలపరచిన పాలిమర్) చుట్టిన కాలమ్‌లకు మాండర్ వాడకూడదు. స్టీలు ఈల్డ్ తర్వాత స్థిరమైన పీడనం ఇస్తుంది. ఎఫ్‌ఆర్‌పీ తెగేదాకా పీడనాన్ని పెంచుతూనే పోతుంది కాబట్టి వక్రం దిగకుండా ఎక్కుతూ ముగుస్తుంది. ల్యామ్–టెంగ్ 2003 వక్రం దీనికి తగినది.

రెండు దిశల్లో రింగుల పీడనం వేరువేరుగా ఉండే దీర్ఘచతురస్రపు కాలమ్‌లలో, వాల్ చివరి భాగాల్లో, సగటు పీడనం తీసుకోవడం ప్రమాదం వైపు మొగ్గుతుంది. మాండర్ పత్రంలోని రెండు పీడనాల చార్టును వాడాలి, లేదా తక్కువ పీడనాన్ని తీసుకోవాలి.

త్రిమితీయ మోడళ్లు

అబాకస్‌లోని కాంక్రీట్ డ్యామేజ్డ్ ప్లాస్టిసిటీ వంటి త్రిమితీయ మోడల్‌లో లెక్క తిరగబడుతుంది. కాంక్రీట్‌ను ఘన ఎలిమెంట్‌లుగా, రింగులను వాటిలో పొదిగిన ట్రస్ ఎలిమెంట్‌లుగా ఇస్తే, కాంక్రీట్ ఉబ్బడం, రింగు దాన్ని నొక్కి పట్టడం గణనలోనే జరుగుతాయి. కాబట్టి దానికి ఇవ్వాల్సింది అన్‌కన్‌ఫైన్డ్ వక్రం. రింగులూ పెట్టి, మాండర్ కన్‌ఫైన్డ్ వక్రమూ ఇస్తే ఒకే లాభం రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. వచ్చిన ఫలితం ప్రయోగానికి దగ్గరగా ఉన్నా అది కాకతాళీయమే.

అలాగని త్రిమితీయ మోడల్ అన్నిటికీ పైచేయి కాదు. కాంక్రీట్ ఎంత ఉబ్బుతుందో నిర్ణయించే డైలేషన్ కోణాన్ని స్థిరంగా మనమే ఇవ్వాలి. సాధారణంగా 30 నుంచి 40 డిగ్రీల మధ్య పెడతారు. కన్‌ఫైన్‌మెంట్ లాభమంతా ఆ ఒక్క సంఖ్య మీద వేలాడుతుంది, పీడనం పెరిగే కొద్దీ అది నిజానికి మారుతుంది కూడా. బీమ్–కాలమ్ జాయింట్, పైల్ క్యాప్, రంధ్రం ఉన్న వాల్ లాంటి, సమతల అడ్డుకోతలు వంగిన తర్వాత సమతలంగా మిగలని చోట త్రిమితీయ మోడల్ తప్పదు. నిటారు కాలమ్ కోసం మాత్రం దాన్ని ఎత్తుకోవడం శ్రమ వృథా అని నా అభిప్రాయం. వాల్స్‌కు వాడే పొరల షెల్ ఎలిమెంట్‌లు చూడటానికి త్రిమితీయమనిపించినా అవి సమతల ప్రతిబల సిద్ధాంతం మీద నడుస్తాయి. మందం దిశలో నొక్కే రింగులు వాటికి కనిపించవు. వాల్ చివర్లకు కన్‌ఫైన్డ్ వక్రాన్ని మనమే ఇవ్వాలి.

ఏ పనికి ఏది

బాగా డిటెయిలింగ్ చేసిన కొత్త కాలమ్ మొమెంట్–వంపు సంబంధం కావాలంటే మాండర్, ఎస్‌ఏపీ2000 సెక్షన్ డిజైనర్ చాలు. పాత కాలమ్‌ల మదింపుకు ఏఎస్‌సీఈ 41 హింజ్‌లు మొదటి ఎంపిక. ఫైబర్ సెక్షన్ తప్పనిసరైతే ప్రభావ గుణకాన్ని చేత్తో కట్టి మాండర్ గరిష్ఠాన్నీ, దిగే వాలుకు కెంట్–పార్క్‌నూ చూసి రెంటిలో తక్కువ ఆశావహమైనదాన్ని తీసుకోవాలి. కూలే స్థాయి వరకు చలన విశ్లేషణ నడపాలంటే కాంక్రీట్01 లేదా కాంక్రీట్02, కెంట్–పార్క్ సంఖ్యలు, నిర్ణీత హింజ్ పొడవు అన్న జట్టు నిలకడగా నడుస్తుంది. ప్రయోగ ఫలితంతో వక్రాన్ని సరిపోల్చే పరిశోధనకు కాంక్రీట్04 న్యాయం చేస్తుంది. గమనించవలసింది ఏమిటంటే, ఫైబర్ మోడల్‌లో కడ్డీల బక్లింగ్‌ను చూపకపోతే పై జట్లన్నీ కాలమ్‌ను ఉన్నదాని కంటే దిట్టంగా చూపిస్తాయి; రింగుల దూరం కడ్డీ వ్యాసానికి ఆరు రెట్లు దాటిన కాలమ్‌లలో కోర్ నలిగే లోపే కడ్డీ వంగిపోవడం అరుదేమీ కాదు.

ఏ జట్టును ఎంచుకున్నా, భవనం మోడల్‌లో పెట్టే ముందు ఆ మెటీరియల్‌ను ఒంటరిగా పరీక్షించాలి. ఒక్క ఫైబర్‌కు సున్నా నుంచి 0.03 వరకు సంపీడన వికృతి ఇచ్చి, వచ్చిన ప్రతిబలాన్ని గీయాలి. ఓపెన్‌సీస్‌లో సంపీడనానికి రుణ గుర్తు ఉండాలన్నది ముందు చూసుకోవాలి. తర్వాత మొదటి వాలు స్థితిస్థాపక గుణకానికి దగ్గరగా ఉందా, గరిష్ఠ బలం చేతి లెక్కతో కలుస్తోందా, 0.02 వద్ద ఎంత మిగిలింది అన్న మూడింటినీ చదవాలి. ఘనాకార నమూనా బలాన్ని సిలిండర్ బలంగా పొరపాటున ఇచ్చి ఉంటే గరిష్ఠం వద్దే సుమారు పావు వంతు ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే మామూలు కాంక్రీట్‌లో సిలిండర్ బలం ఘనాకార నమూనా బలంలో దాదాపు 0.8 వంతే ఉంటుంది. ఆ గీతను గణన పత్రానికి జతచేస్తే, సమీక్షించేవారు మోడల్ ఫైలును తెరవకుండానే ఏ వక్రం వాడారో, ఏ హింజ్ పొడవుకు వాడారో చూడగలుగుతారు.